అలారం పోయింది

నాకు ఇంగ్లీషు మీద కోపం లేదు. ఆ భాషలోనే పని చేసుకుని బతుకుతున్నాం, దాని మీద కోపం తెచ్చుకుంటే రోజు గడవదు. నా కోపమంతా ‘ఆఫ్’ అనే ఆ ఒక్క ముక్క మీద. పిలవని పేరంటాలిలా ఏ మాట పక్కన పడితే ఆ మాట పక్కన వచ్చి కూర్చుంటుంది. పోనీ కూర్చున్నది బుద్ధిగా ఉంటుందా అంటే అదీ లేదు. పాల పక్కన ఒకటి చెబుతుంది, దీపం పక్కన ఇంకొకటి చెబుతుంది. అలారం పక్కన కూర్చుని మా ఆయన ఉద్యోగానికే ఎసరు పెట్టింది.

మేమిద్దరం ఒకే పాల ఫ్యాక్టరీలో పనిచేస్తాం. నేను సీసాలకు మూతలు బిగించే మిషన్ దగ్గర, ఆయన చల్లగది దగ్గర. చల్లగది అంటే పాల ట్యాంకులుండే గది. దాన్ని చల్లగా ఉంచే చిల్లర్ యంత్రం ఆయన బాధ్యత. ట్యాంకు వేడెక్కితే కూత పెట్టడానికి గోడ మీద ఒక ఎర్రటి అలారం పెట్టె ఉంటుంది. అది కూసిందంటే గేటు దాకా వినిపించాల్సిందే.

ఫ్యాక్టరీలో రకరకాల భాషల వాళ్ళున్నారు. ఒకరి మాట ఒకరికి అర్థం కావాలంటే ఇంగ్లీషే దిక్కు. మా ఆయనకు ఆ ఇంగ్లీషంటే తగని మోజు. ఎవరి నోటి నుంచైనా కొత్త మాట రాలితే ఏరుకుని దాచుకునే రకం. దాచుకుని ఊరుకోరు, మర్నాడే తీసి వాడేస్తారు. ప్యాకింగ్‌లో మా ఆడవాళ్ళు ఆయనకు ‘డిక్షనరీ’ అని పేరు పెట్టారు. ఎగతాళికే పెట్టారు గానీ, ఆయన బిరుదనుకుని మురిసిపోయారు.

ఆ ముక్కను కూడా అలాగే ఏరుకున్నారు. చేరిన కొత్తలో మా మేనేజరమ్మ ఒక సీసా మూత తీసి వాసన చూసి, మొహం చిట్లించుకుని “వెంటాఫ్” అన్నదట. పాలు పాడైపోతే వెంటాఫ్ అనాలని ఆయన ఆ రోజే పట్టేశారు. తర్వాత ఎప్పుడో కరెంటు పోయినప్పుడు ఎవరో “లైట్స్ వెంటాఫ్” అని అరిచారు. ఓహో, ఆగిపోయినా ఇదే మాటన్నమాట అని పక్కన చేర్చుకున్నారు. ఇంటికొచ్చి నాకు పాఠం మొదలుపెట్టారు.

“మనం పోయింది అంటాం చూడు, అచ్చం అదే. వెంట్ అంటే పోయింది. ఆఫ్ అంటే ఆగింది. పాలు పాడైపోయినా వెంటాఫే, కరెంటు పోయినా వెంటాఫే. ఎంత సులువో చూశావా!”

“మీకు అన్నీ సులువే. ఆ సంచీలో ఉల్లిపాయలు కుళ్ళిపోయాయి, అవీ వెంటాఫేనా?” అన్నాను.

“అవీ అంతే!” అన్నారు గర్వంగా. నేనే కుళ్ళిపోయిన ఉల్లిపాయలు ఏరుతూ కూర్చున్నాను. కానీ ఆ లెక్క నాకూ సబబుగానే తోచింది. ఎవరికి తోచదు చెప్పండి?

ఇక ఆ ఆదివారం సంగతి. పొద్దున డ్యూటీ ఎక్కగానే ఆయన ఎప్పటిలాగే అలారం పెట్టె మీద పరీక్ష మీట నొక్కారు. చప్పుడు లేదు. మళ్ళీ నొక్కారు, లేదు. పెట్టెను రెండు దెబ్బలు వేశారు, అయినా లేదు. మేనేజరమ్మకు సెలవు, ఇంట్లో ఉంది. వెంటనే ఫోన్ చేశారు. మూతల బస్తా కోసం వచ్చిన నేను పక్కనే నిలబడి ఉన్నాను కాబట్టి ఒక్క అక్షరం పొల్లు పోకుండా చెప్పగలను. ఇంగ్లీషులో నువ్వుకీ మీరుకీ తేడా లేదు గనక, ఆవిడ మంచిగా మాట్లాడినప్పుడు మీరు అనీ, కోపంగా మాట్లాడినప్పుడు నువ్వు అనీ పెట్టుకుంటున్నాను.

“మేడమ్, అలారం వెంటాఫ్” అన్నారు ఈయన.

“అయ్యో. టెంపరేచర్ చూశారా?”

“చూశాను మేడమ్. చల్లగానే ఉంది.”

“ట్యాంకుకు ఏం కాలేదు కదా?”

“ఏం కాలేదు మేడమ్. అలారం ఒక్కటే.”

“అయితే పరవాలేదు, దాని సంగతి రేపు చూద్దాం. లోడింగ్‌లో మనిషి తక్కువయ్యాడట, మీరు వెళ్ళి కాస్త సాయం చేయండి.”

ఫోన్ పెట్టేసి ఆయన నా వంక చూశారు. “చూశావా, ఎంత టక్కున అర్థమైపోయిందో!”

ఆవిడకు అర్థమైంది ఏమిటంటే, అలారం ఊరికే ఒకసారి మోగింది, పెట్టె బాగానే పనిచేస్తోంది, నిజంగా ఏదైనా అయితే మళ్ళీ మోగుతుంది అని. ఈయన చెప్పింది ఏమిటంటే, అలారం చచ్చింది అని. ఇంగ్లీషులో అలారం వెంటాఫ్ అంటే మోగింది అని అర్థమట! ఇది మాకు అప్పుడు తెలియదు. ఆవిడ ఇంట్లో నిశ్చింతగా ఉంది. ఈయన పైవాళ్ళకు చెప్పేశాను కదా అని లోడింగ్‌కు వెళ్ళిపోయారు. నేను నా మూతల దగ్గరికి వెళ్ళాను.

మధ్యాహ్నం కరెంటు ఒక్కసారి కన్ను మూసి తెరిచింది. దీపాలు వచ్చాయి, ఫ్యాన్లు వచ్చాయి, చిల్లర్ రాలేదు. అది ఆగితే మళ్ళీ చేత్తో మీట వేయాలి. వేయాల్సిన మనిషి ఎండలో వ్యానుల్లోకి పాల పెట్టెలు మోస్తున్నారు. పిలవాల్సిన అలారం నోరు మూసుకుని గోడకు అతుక్కుని ఉంది. ఆయన చెమట తుడుచుకుంటూ తిరిగొచ్చి ట్యాంకు మీద చెయ్యి వేస్తే గోరువెచ్చగా తగిలింది. మూత తీసేసరికి పుల్లటి వాసన గుప్పున కొట్టింది. ట్యాంకెడు పాలు కాలవ పాలయ్యాయి.

వెంటనే మళ్ళీ ఫోన్ చేశారు. “మేడమ్, చిల్లర్ వెంటాఫ్. మిల్క్ వెంటాఫ్.”

“అలారం?”

“అలారం పొద్దుటి నుంచీ వెంటాఫ్ మేడమ్. చెప్పాను కదా.”

“పొద్దుటి నుంచీనా?” అంది ఆవిడ.

“పొద్దుటి నుంచీ” అన్నారు ఈయన, తన తప్పు లేదని తేలిపోతుందన్న ధైర్యంతో. అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడైంది.

సోమవారం బాగుచేసే మనిషి వచ్చి అలారం మీట నొక్కాడు. అంతే, చెవులు చిల్లులు పడేలా కూసింది. మళ్ళీ కరెంటు తగిలాక దాని బ్యాటరీలో ప్రాణం పడిందో, లోపల వదులైన తీగేదైనా అతుక్కుందో నాకు తెలీదు. ముందురోజు మూగనోము పట్టిన ముండ, ఆ రోజు మాత్రం అందరి ముందూ కోయిలలా కూసింది. దాన్ని పీకి నేలకేసి కొట్టాలన్నంత కసి పుట్టింది నాకు.

మేనేజరమ్మ ఆయన్ని గదిలోకి పిలిచింది. నేను తలుపు బయట నిలబడ్డాను.

“అలారం వెంటాఫ్ అని నువ్వే చెప్పావు కదా?”

“అవును మేడమ్, నేనే చెప్పాను.”

“పొద్దున్నే వెంటాఫ్.”

“పొద్దున్నే మేడమ్.”

“మరి తెలిసీ వదిలేసి వెళ్ళావా?”

“మీరే వెళ్ళమన్నారు మేడమ్.”

“పొద్దుటి నుంచీ వెంటాఫ్ అని నాకు చెప్పావా?”

“వెంటాఫ్ అనే కదా మేడమ్ ముందు మీకు ఫోన్ చేసింది!”

ఇద్దరిదీ ఒకటే మాట. ఇద్దరికీ ఒళ్ళు మండిపోతోంది. ఆవిడ బల్ల మీద చెయ్యి కొట్టింది. ఈయన గొంతు పెరిగింది. బయట నాకు తల గోడకేసి బాదుకోవాలనిపించింది. ఔను అంటే ఔను అంటున్నారు, మరి ఈ తగువేంటి?

చివరికి ఆవిడ తేల్చేసింది. “శుక్రవారం దాకా పనిలోకి రావద్దు. ఆ రోజు ఇంకొక్కసారి నీ మాట వింటాను. విన్నాక ఓనరుకు ఏం చెప్పాలో అది చెబుతాను.” ఏం చెబుతుందో ఆవిడ మొహం చూస్తేనే తెలుస్తోంది.

ఆయన ఇంట్లో కూర్చున్నారు. కూర్చున్నారంటే అలా ఇలా కాదు, గోడకు ఆనుకుని, గోడలో కలిసిపోయినట్టు. ఫ్యాక్టరీలో డిక్షనరీ నిద్రపోయాడట అని ఒకరు, అలారం కూస్తుంటే దూది పెట్టుకున్నాడట అని ఒకరు. నేను వింటూనే మూతలు బిగిస్తున్నాను. ఉద్యోగం పోవడం ఒక ఎత్తు. ట్యాంకెడు పాలు తగలేసినవాడన్న ముద్ర పడితే ఇంకెక్కడా చల్లగది తలుపు కూడా ముట్టుకోనివ్వరు. ఆయనకు ఇంకో పని చేతకాదు. ఆ ముద్రతో ఈ ఇంట్లో రోజంతా కూర్చునే మనిషిని తలుచుకుంటేనే నాకు భయమేసింది.

నా పక్క మిషన్ దగ్గర పనిచేసే ఆవిడది వేరే భాష. నాకూ ఆవిడకూ మధ్య అరకొర ఇంగ్లీషే వారధి. ఎప్పుడూ ఆలస్యంగా ఊడిపడే మనిషి, బుధవారం నాకంటే ముందొచ్చి కూర్చుంది.

“ఏంటమ్మా, పొద్దున్నే దర్శనం ఇచ్చావు?” అన్నాను.

“అలారం వెంటాఫ్. వెంటనే లేచేశాను.”

నా చెయ్యి ఆగిపోయింది. “ఆగిపోతే ఎలా లేచావు?”

“ఆగిపోవడమేంటి? మోగింది. ట్రింగుమని మోగింది.”

“మరి వెంటాఫ్ అన్నావు?”

“అదే చెబుతున్నా. వెంటాఫ్. మోగింది.”

మిషన్ తన పాటికి తను మూతలు కక్కుతోంది. అవి బల్ల మీంచి నేల మీదికి జలజలా రాలిపోతున్నాయి. నేను మాత్రం నోరు తెరుచుకుని నిలబడ్డాను. ఆ ఫోన్ మాటలన్నీ మొదటి నుంచీ వరసగా చెవుల్లో మోగాయి. ఎక్కడ కాలు జారిందో అప్పటికి తెలిసింది.

పని దిగగానే పరుగున ఇంటికెళ్ళి చెప్పాను. ఎగిరి గంతేస్తారనుకున్నాను. మొహం ముడుచుకున్నారు.

“మోగితే రింగ్ అంటారే. నాకు తెలీదా?”

“రింగ్ అనీ అంటారు, ఇలా కూడా అంటారట.”

“పాలు చెడితే ఆఫ్, దీపం ఆరితే ఆఫ్, అలారం మాత్రం మోగితే ఆఫా? బుద్ధున్న భాష ఏదైనా అలా చేస్తుందా?”

“బాంబు పేలినా అదే మాటట. నేను అడిగి తెలుసుకున్నాను. ఎవరిమీదైనా గయ్యిమని లేచినా అదేనట. చెప్పకుండా ఎటైనా వెళ్ళిపోయినా అదేనట. మీటింగు బాగా జరిగినా అదేనట.”

“మీటింగు జరిగితేనా?” ఆయన మొహం ఇంకా పాలిపోయింది. “కిందటి నెల తనిఖీ వెంటాఫ్ అని ఆవిడ అంటే రద్దయిపోయిందనుకుని అందరికీ చెప్పానే!”

కుర్చీలో పడుకున్న మా నాన్న ఒక్కసారి నవ్వారు. ఆయనకు ఈమధ్యే గుండెల్లో నొప్పి వచ్చి, డాక్టరు మెట్లెక్కొద్దనీ, కంగారు పడొద్దనీ చెప్పాడు. అప్పటి నుంచి మా దగ్గరే ఉంటున్నారు. “దీపం ఆరితే కొండెక్కిందంటాం మనం. అది ఏ కొండెక్కింది అల్లుడూ? ఎవరి భాష పిచ్చి వాళ్ళది” అన్నారు.

ఈయన నవ్వలేదు. “అయితే ఇప్పుడు నేను వెళ్ళి నాకు ఇంగ్లీషు రాదని చెప్పాలా?”

“ఆ ఒక్క మాట రాదని చెప్పండి చాలు.”

“ఒక్క మాట రాదంటే మొత్తం రాదనే అనుకుంటారు. ఇంగ్లీషు వచ్చని చెప్పే ఈ పనిలో చేరాను.”

“మరి నిద్రపోయాడని అనుకుంటే మీకు బాగుంటుందా?” అని అరిచాను. మళ్ళీ వెళ్ళి గోడకు ఆనుకున్నారు. ఆ అభిమానాన్ని తీసుకెళ్ళి ఏ గంగలో కలపాలో నాకు అర్థం కాలేదు.

శుక్రవారం ముగ్గురం వెళ్ళాం. మా నాన్నను వద్దంటే వినలేదు. “అల్లుడి తరఫున నేనూ ఒక మనిషిని ఉన్నానని కనబడాలి కదా” అని చొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ బయల్దేరారు. ఆయన్ని మేనేజరమ్మ గది బయట వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి, కదలొద్దని పదే పదే చెప్పి లోపలికి వెళ్ళాం.

మేనేజరమ్మ చెడ్డ మనిషి కాదు. అది చెప్పకపోతే నా నోరు పడిపోతుంది. ప్యాకింగ్‌లో సగం మంది తెలుగువాళ్ళమని, మా మధ్య కూర్చుని మాటలు నేర్చుకుంటుంది. “బాగున్నావా”, “మంచినీళ్ళు”, “తొందరగా” లాంటివి ముద్దుముద్దుగా పలుకుతుంది. ఆ రోజు మాత్రం ఒక్క తెలుగు ముక్క రాలేదు ఆవిడ నోట.

నాకొచ్చిన ఇంగ్లీషంతా పోగేసి జరిగింది చెప్పాను. మా ఆయన అన్నది ఒకటి, మీరు విన్నది ఒకటి అన్నాను. ఆవిడ చివరిదాకా విని, కుర్చీలో వెనక్కి వాలింది.

“ఇది ఈ నాలుగు రోజుల్లో తట్టిందా?”

“మొన్ననే తెలిసింది మేడమ్.”

“మిషన్లతో వచ్చే పుస్తకాలు చదివి మిగతావాళ్ళకు చెప్పేది ఇతనే. అలాంటి మనిషికి ఈ మాత్రం మాట తెలియదంటే ఎలా నమ్మను? ఓనరుకు చెబితే నవ్వుతాడు. ఉద్యోగం కోసం కథ అల్లుకొచ్చారంటాడు.” ఆయన వైపు తిరిగింది. “నువ్వే చెప్పు. నీకు ఆ మాట తెలియదా?”

తెలియదు మేడమ్. రెండే రెండు మాటలు. అనండి స్వామీ అని మనసులో మొక్కుకున్నాను.

“నాకు ఇంగ్లీషు వచ్చు మేడమ్” అన్నారు ఈయన.

బల్ల కింద ఆయన కాలు తొక్కాను. గట్టిగా తొక్కాను. ఏం లాభం? మేనేజరమ్మ ఇంకేముంది అన్నట్టు చేతులు చాపింది. అంతలో ఆవిడ ఫోన్ మోగింది. మాట్లాడుకుంటూ వరండాలోకి వెళ్ళింది. ఆ కాస్త సందులో నేను ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన నేల చూపులు చూస్తూ కూర్చున్నారు.

ఆవిడ తిరిగొచ్చింది. మొహం కాస్త మెత్తబడింది. నా పక్కకు వచ్చి, భుజం మీద చెయ్యి వేసి, నాతో మంచిగా ఉండాలని కాబోలు, వెతుక్కుని వెతుక్కుని తెలుగులో అంది.

“మీ నాన్న… పోయాడు.”

నాకు వినబడింది గానీ లోపలికి దిగలేదు.

“ఇప్పుడే. నేను చూశాను” అంది మళ్ళీ, జాలిగా.

“నాన్నా!” అని ఒక్క కేక పెట్టాను. ఆ కేక చల్లగది దాకా వినిపించిందట. ఈయన కుర్చీని తన్నుకుంటూ బయటికి పరిగెత్తారు. నేను గోడ పట్టుకుని వెనకే వెళ్ళాను. బెంచీ ఖాళీగా ఉంది. దాని మీద నాన్న చేతిరుమాలు ఒక్కటే ఉంది, మడత నలగకుండా. అది చేతిలోకి తీసుకుని కుప్పకూలిపోయాను. రావద్దంటే విన్నావా నాన్నా, నా మొగుడి ఉద్యోగం కోసం వచ్చి నీ ప్రాణం మీదికి తెచ్చుకున్నావా నాన్నా అని ఏవేవో అంటూ ఏడుస్తున్నాను.

“ఎక్కడికి తీసుకెళ్ళారు మేడమ్? ఎవరు తీసుకెళ్ళారు?” ఈయన ఇంగ్లీషులో అడిగారు.

మేనేజరమ్మ కంగారుగా మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. “ఎవరూ తీసుకెళ్ళలేదు. గేటు బయటికి. తనే నడుచుకుంటూ” అంది ఇంగ్లీషులో.

నా ఏడుపు సగంలో ఆగింది. చెప్పులు లేకుండానే గేటు వైపు ఉరికాను. రోడ్డుకు అవతల టీ బడ్డీ. బడ్డీ ముందు బల్ల మీద మా నాన్న కాలు మీద కాలేసుకుని, టీలో బన్ను ముంచుకుంటున్నారు. నన్ను చూసి నోట్లో పెట్టుకోబోయిన ముక్కను అలాగే పట్టుకుని లేచారు.

“ఏంటమ్మా ఆ ఏడుపు? ఎవరు పోయారు?”

“నువ్వే!”

“నేనా?” ఆయన తన ఛాతీ తడుముకుని చూసుకున్నారు. “ఎప్పుడు?”

దుఃఖం, సంతోషం, కోపం మూడూ ఒకేసారి తన్నుకొస్తే ఏది ముందు రావాలో తెలియక గొంతులో ఇరుక్కుంటాయి. చివరికి కోపమే గెలిచింది. మా వెనకే ఆయాసపడుతూ వచ్చిన మేనేజరమ్మ మీద వచ్చీరాని ఇంగ్లీషులో విరుచుకుపడ్డాను. ఆవిడ మేనేజరనీ, మా ఆయన బతుకు ఆవిడ చేతిలో ఉందనీ అప్పుడు గుర్తులేదు.

“మనిషిని పోయాడు అంటారా మేడమ్? పోయాడంటే చచ్చిపోయాడని!”

ఆవిడ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. మళ్ళీ ఇంగ్లీషులోకి దిగింది. “కానీ… పోవడం అంటే వెళ్ళడమే కదా? మీరంతా వ్యాన్ పోయింది అంటారు. పో పో అని నవ్వుకుంటారు. మీ దగ్గరే నేర్చుకున్నాను. ముసలాయన ఒంటరిగా రోడ్డు మీదికి వెళ్ళాడు, మీకు చెబుదామని…”

“వ్యాన్ పోతే వెళ్ళినట్టు. మనిషి పోతే అంతే, ఇంక రాడు. మనుషులు వెళ్ళాలి మేడమ్, పోకూడదు. కరెంటు పోతే వస్తుంది. పరువు పోతే రాదు. మతి పోతే ఇదిగో, ఇలా రోడ్డు మీద నిలబడి అరుస్తారు. మిషన్ పోతే చెడిపోయినట్టు…”

“ఆగండి” అంది ఆవిడ. “మిషన్ పోతే?”

“చెడిపోయినట్టు. పనిచేయనట్టు.”

“మరి అలారం పోతే?”

నా వెనక నుంచి మా ఆయన మాట్లాడారు. అన్నేళ్ళలో ఆవిడతో ఆయన తెలుగు మాట్లాడటం అదే మొదటిసారి.

“అలారం పోయింది మేడమ్. పొద్దున మీకు చెప్పింది అదే.”

వ్యాను ఒకటి హారన్ కొడుతూ మా పక్క నుంచే వెళ్ళింది. ఆవిడ పక్కకు కూడా జరగలేదు. నాన్న వైపు చూసింది, ఆయన చేతిలోని బన్ను వైపు చూసింది, మళ్ళీ ఈయన వైపు చూసింది.

“ఆ మాట నాకు తెలుసనే అనుకున్నాను” అంది నెమ్మదిగా.

“వెంటాఫ్ నాకూ తెలుసనుకున్నాను మేడమ్. పాలతో తెలుసు, దీపంతో తెలుసు. అలారంతోనే తెలీదు. నేనూ మీ దగ్గరే నేర్చుకున్నాను. ఆ పాల సీసా దగ్గర.”

తెలీదు అన్నారు! గదిలో కాలు తొక్కినా రాని మాట, నడిరోడ్డు మీద, టీ బడ్డీ ముందు వచ్చింది. ఇదేదో లోపలే ఏడిస్తే మా నాన్న ఇంత తేలిగ్గా చచ్చేవారు కాదు కదా అనుకున్నాను.

ఓనరుతో మాట్లాడి వస్తాను, ఇక్కడే ఉండండి అని చెప్పి ఆవిడ లోపలికి వెళ్ళింది. మేం బడ్డీ దగ్గరే నిలబడ్డాం. ఆవిడ గది కిటికీ అక్కడికి కనిపిస్తుంది. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని అటూ ఇటూ తిరుగుతోంది. ఒకసారి చెయ్యి పైకెత్తి ఊపింది. ఒకసారి నుదురు పట్టుకుంది. అవతలి మనిషి నవ్వుతున్నాడో, అరుస్తున్నాడో తెలీదు. నాన్న బన్ను సగం విరిచి ఈయన చేతిలో పెట్టారు. ఈయన దాన్ని పట్టుకుని నిలబడ్డారే గానీ నోటి దాకా పోనివ్వలేదు. నాకు ఆ కిటికీ అద్దం పగలగొట్టి ఆ ఫోన్ లాక్కుని నేనే చెప్పాలనిపించింది. కానీ ఏ భాషలో చెప్పను?

ఎంతసేపటికో ఆవిడ గేటు దాటి వచ్చింది. మొహం చూసి ఏమీ కనిపెట్టలేకపోయాను. మా ఎదురుగా నిలబడి, వేళ్ళ మీద ఏదో కూడబలుక్కుంటోంది. తెలుగులో చెప్పబోతోందని అర్థమైంది.

“వద్దు మేడమ్. ఇంగ్లీషులోనే చెప్పండి” అన్నాను.

ఆవిడ వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఈయన వైపు తిరిగి, ఒక్కో మాటా పట్టి పట్టి పలికింది.

“మీ ఉద్యోగం… పో…”

అక్కడ ఆగింది. తర్వాతి ముక్క కోసం ఆకాశం వైపు చూస్తోంది. మన భాష కూడా తక్కువది కాదండీ. పోయిందో లేదో తోక దాకా వెళితే గానీ చెప్పదు. ‘పో’ దగ్గర రెండూ ఒకటే. ఈయన చేతిలో బన్ను నలిగి పొడి అయిపోతోంది. నాన్న నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు. ఇంగ్లీషును ఇన్నాళ్ళు తిట్టిన తిట్లన్నీ తిరిగొచ్చి నా నెత్తి మీదే పడుతున్నాయనిపించింది. చెప్పు తల్లీ, ఏదో ఒకటి చెప్పి చావు అని నా మనసు అరుస్తోంది.

“…లేదు” అంది ఆవిడ. “పోలేదు.”

ఈయన అలాగే నిలబడ్డారు. కళ్ళల్లోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి, తుడుచుకోవడం కూడా తెలియడం లేదు. “సరిగ్గా చెప్పానా?” అని అడిగింది మేనేజరమ్మ భయం భయంగా. డిక్షనరీ నోరు పెగలలేదు. తల మాత్రం ఊపారు.

“సరిగ్గానే చెప్పారు” అన్నాను నేను, ముక్కు చీదుకుంటూ. “కానీ ఇంకోసారి ఆ మాటను మధ్యలో విరిచి ఆకాశం వైపు చూశారంటే మాత్రం, మేనేజరని కూడా చూడను మేడమ్.”